వైజాగ్‌లో బ్యాంకు దోపిడీ సినిమా: పది నిమిషాల్లో పది కోట్లు సాధ్యమేనా?

ప్రశ్న అడిగినవారు వైజాగ్ నేపథ్యంలో ఒక క్రైమ్ థ్రిల్లర్ స్క్రిప్టు రాస్తున్నారు. నలుగురు కుర్రాళ్లు పట్టపగలు ద్వారకానగర్‌లో ఒక బ్యాంకులోకి తుపాకులతో వెళ్తారు. పది నిమిషాల్లో పది కోట్లు బ్యాగుల్లో నింపుకుని బీచ్ రోడ్డు మీదుగా పారిపోతారు. ఇది నమ్మేలా ఉందా, లేకపోతే ఎక్కడ మార్చాలి అని బ్యాంకులో పనిచేసినవాళ్లను అడిగారు.

సూటిగా చెప్తాను. ఇలాగే తీస్తే బ్యాంకు గడప తొక్కిన ఎవరూ నమ్మరు. మామూలు బ్రాంచిలో పది కోట్ల నగదు ఉండదు. ఉందనుకున్నా నలుగురు దాన్ని మోయలేరు. అయినా మీ కథను పక్కన పెట్టక్కర్లేదు. నగదు బదులు తాకట్టు బంగారం పెట్టండి. తుపాకుల మీద పెట్టిన శ్రద్ధలో సగం తాళాల మీద పెట్టండి. స్ట్రాంగ్ రూమ్ తెరుచుకోవాలంటే ఇద్దరు మనుషులు రెండు తాళంచెవులతో అక్కడ నిలబడాలి. ఆ ఇద్దరూ ఎవరు, వాళ్ల మధ్య ఏముంది అన్నదే మీ సినిమా అవుతుంది.

నేను ప్రభుత్వ రంగ బ్యాంకులో క్యాషియర్‌గా చేరి, గాజువాకలో, వన్‌టౌన్‌లో, ఫిషింగ్ హార్బర్‌కి దగ్గర్లో ఉన్న బ్రాంచీల్లో చేసి, ఆఖర్న కరెన్సీ చెస్ట్ (రిజర్వ్ బ్యాంకు నోట్లు నిల్వ ఉంచే ఖజానా) ఉన్న బ్రాంచిలో పనిచేసి రిటైరయ్యాను. సర్వీసులో ఎక్కువ కాలం నా నడుముకో, జేబులోనో బ్యాంకు తాళంచెవి ఉండేది. థ్రిల్లర్ సినిమాలంటే నాకు ప్రాణం. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు డబ్బు బరువు లెక్క వేయండి. వంద నోట్లు ఒక కట్ట. అలాంటి కట్టలు పది కలిపితే ఒక బండిల్, అంటే వెయ్యి నోట్లు. 500 నోట్లలో ఒక బండిల్ అయిదు లక్షలు. కోటి రూపాయలంటే 20 బండిళ్లు, ఇరవై కిలోలకు పైనే తూగుతాయి. పది కోట్లంటే 200 బండిళ్లు, రెండు క్వింటాళ్లు దాటుతుంది. అదీ అన్నీ 500 నోట్లే అయితే. నిజం బ్రాంచిలో 200లు, 100లు, 50లు, చిరిగిన నోట్ల కట్టలు అన్నీ కలిసే ఉంటాయి, కాబట్టి అదే మొత్తానికి బరువు ఇంకా పెరుగుతుంది. 2000 నోటును రిజర్వ్ బ్యాంకు 2023 మే 19న ఉపసంహరించుకుంటున్నట్టు ప్రకటించింది. మీ కథ ఈ రోజుల్లో జరిగేదైతే ఆ గులాబీ రంగు కట్టలు తెర మీద కనిపించకూడదు.

ప్రతి బ్రాంచికీ రాత్రిపూట ఎంత నగదు ఉంచుకోవచ్చో ఒక పరిమితి ఉంటుంది. దాన్ని క్యాష్ రిటెన్షన్ లిమిట్ అంటాం. అది దాటితే మిగిలింది చెస్ట్‌కి పంపేయాలి. మేనేజర్లు కూడా దీని గురించి జాగ్రత్తగానే ఉంటారు, ఎందుకంటే లిమిట్ మించి డబ్బు పడి ఉంటే పైనుంచి అడుగుతారు. కౌంటర్లో క్యాషియర్ ముందుండే డబ్బు ఆ పూట చెల్లింపులకు సరిపడేంతే. మీ కుర్రాళ్లు కౌంటర్లు ఊడ్చేసి బయటికొస్తే వాళ్ల చేతిలో లక్షలు ఉంటాయి. పది కోట్లు వస్తాయని ప్లాన్ వేసుకున్నవాళ్లకి అంతే దొరికితే ఏం చేస్తారు? నాకైతే మీ సినిమా ఇంటర్వెల్ అక్కడ కనిపిస్తోంది.

ఇక తాళాలు. సినిమాల్లో తరచూ చూసే తప్పు ఇక్కడే. మేనేజర్ తలకి తుపాకీ పెడతారు, ఆయన వణుకుతూ వెళ్లి తలుపు తెరుస్తాడు. ఒక్క మేనేజర్ వల్ల ఆ తలుపు తెరుచుకోదు. స్ట్రాంగ్ రూమ్‌కీ, లోపలి సేఫ్‌కీ రెండేసి తాళాలుంటాయి, ఇద్దరు వేర్వేరు అధికారుల దగ్గర ఒక్కో సెట్టు ఉంటుంది. జాయింట్ కస్టడీ అంటే అదే. ఒకరి తాళం ఇంకొకరి చేతికి, ఒక్క నిమిషం కోసమైనా, వెళ్లకూడదు. డూప్లికేట్లు ఆ బ్రాంచిలోనే ఉండవు, సీలు వేసి వేరే చోట భద్రపరుస్తారు. తాళం దగ్గరున్న అధికారి, అంటే కీ హోల్డర్, సెలవు పెడితే మూడో అధికారికి రిజిస్టర్‌లో సంతకం చేయించుకుని అప్పగించాలి.

ఇది కాగితం మీద రూల్‌లా కనిపిస్తుంది, మనిషి జీవితంలో ఎలా ఉంటుందో ఒక సంగతి చెప్తాను. మా బ్రాంచి అకౌంటెంట్‌ది పలాస దగ్గర ఊరు. ఒకరోజు రాత్రి రెండు గంటలప్పుడు గోపాలపట్నంలో మా ఇంటి తలుపు కొట్టాడు. తలుపు తీస్తే వానకు తడిసి నిలబడి ఉన్నాడు. "అన్నా, నాన్న పోయాడు. తాళాలు తీసుకో, నేను బస్సెక్కాలి" అన్నాడు. మేనేజర్ ఇల్లు అతనికి నాలుగు వీధుల అవతలే. కానీ మేనేజర్ దగ్గర రెండో తాళం ఉంది కాబట్టి ఆయనకు ఇవ్వకూడదు. అందుకని ఊరు దాటి నా దగ్గరికి వచ్చాడు. మా అమ్మాయి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఏయే తాళంచెవి ఇచ్చాడో ఒక్కొక్కటీ రాసి, ఇద్దరం సంతకాలు పెట్టాం. గుత్తిలో తాళంచెవులు అతను మళ్లీ లెక్కపెట్టాడు. తండ్రి శవం అక్కడ ఉంటే ఇతను ఇక్కడ ఇత్తడి బిళ్ల మీద నంబరు చదువుతున్నాడు. అప్పుడు టీ తాగమని కూడా అడగలేకపోయాను. మర్నాడు పొద్దున్న ఆఫీసులో మొదటి పని ఆ కాగితాన్ని బట్టి రిజిస్టర్‌లో ఎంట్రీ వేయడం.

మీ స్క్రిప్టులో ఇలాంటి మనిషి ఉన్నాడా? లేకపోతే పెట్టండి. దొంగలు లోపలికి వచ్చే సమయానికి మేనేజర్ క్యాబిన్‌లో ఉన్నాడు, రెండో కీ హోల్డర్ భోజనానికి వెనక గదిలో ఉన్నాడు. టిఫిన్ డబ్బా ముందు కూర్చుని హాల్లో అరుపులు విన్నాడు. జేబులో తాళంచెవి ఉంది. అతను బయటికి రాకపోతే తలుపు తెరుచుకోదు. కానీ అవతల కౌంటర్లో కొత్తగా చేరిన అమ్మాయి తల దగ్గర తుపాకీ ఉంది. బయటికి రావాలా వద్దా? ఆ ఒక్క గదిలో ఆ ఒక్క మనిషితో ఇరవై నిమిషాల సినిమా నడపొచ్చు. బాంబులు అక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట నా తరఫున గట్టిగా చెప్పాలి. మాకిచ్చే శిక్షణలో చెప్పేది ప్రాణం ముందు, డబ్బు తర్వాత. నగదుకి బ్యాంకర్స్ ఇండెమ్నిటీ బీమా ఉంటుంది. హీరోయిజం చూపించమని ఏ బ్యాంకూ చెప్పదు. కాబట్టి మీ క్యాషియర్ ఎగిరి తన్నితే అది సినిమా ధైర్యం అవుతుంది. నిజంగా ధైర్యం ఉన్న క్యాషియర్ ఆ సమయంలో పక్కనున్న ముసలాయన్ని కుర్చీలో కూర్చోబెడతాడు, కస్టమర్లను కదలకండి అని చెప్తాడు, దొంగల చెప్పులు, చేతి మీద పచ్చబొట్టు, యాస గుర్తుపెట్టుకుంటాడు. అలారం ఎక్కడ ఉంటుంది, ఎలా పనిచేస్తుంది అన్నది కావాలనే రాయడం లేదు. మీ కథకి అది అవసరం లేదు కూడా. మోగిందని చూపిస్తే చాలు.

సాయంత్రం క్యాష్ టాలీ సీన్ ఒకటి తప్పకుండా పెట్టండి, దీన్ని తెలుగు తెర మీద సరిగ్గా చూపించినవాళ్లు తక్కువ. షట్టర్ సగం దించుతారు. ఫ్యాన్ ఆపేస్తారు, లేకపోతే కాగితం పట్టీలు ఎగురుతాయి. ప్రతి కట్టకీ కాగితం పట్టీ చుట్టి, దాని మీద బ్రాంచి ముద్ర, తేదీ, లెక్కపెట్టినవాడి సంతకం ఉంటాయి. కౌంటింగ్ మెషీన్ శబ్దం తప్ప ఏమీ వినిపించదు. ఒక్క నోటు తేడా వచ్చినా ఎవరూ ఇంటికి వెళ్లరు. వోచర్లన్నీ మళ్లీ తిరగేస్తారు, బల్ల కింద చూస్తారు, చెత్తబుట్ట బోర్లిస్తారు. తేడా తేలకపోతే క్యాషియర్ తన జేబులోంచి వేయాలి. నెల జీతం మీద బతికేవాడి ముఖం అప్పుడు చూడాలి. రోజూ అన్ని లక్షలు చేతుల మీదుగా పోయేవాడు అయిదు వందలు తగ్గాయని చెమటలు కక్కుతాడు. లోపలి మనిషి దొంగలతో కలిశాడని మీరు చూపించాలనుకుంటే, అతను ఎందుకు కలిశాడో ఈ ఒక్క సీన్‌లో చెప్పేయొచ్చు.

నోట్లకు పిన్నులు కొట్టి చూపించకండి. 2001లోనే రిజర్వ్ బ్యాంకు స్టేపుల్ చేయొద్దని బ్యాంకులకు చెప్పింది. అలాగే "నోట్ల నంబర్లన్నీ రాసుకున్నాం" అని మేనేజర్ పోలీసులతో అనే డైలాగు కూడా తీసేయండి. ప్రెస్సు నుంచి వచ్చిన కొత్త కట్టలకైతే నంబర్లు వరసగా ఉంటాయి. జనం చేతుల్లో తిరిగిన నోట్ల నంబర్లు ఏ క్యాషియరూ రాయడు. పోలీసులకు ఆధారం దొరకాలంటే ఆ కాగితం పట్టీ చాలు. దొంగ ఒక పట్టీ తీయడం మర్చిపోయి దాంతోనే ఎక్కడో ఖర్చు పెట్టాడంటే నమ్ముతారు.

నా అసలు సలహా బంగారం. లెక్క చూడండి. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలో ఒక బ్యాంకు శాఖలో రాత్రిపూట గ్యాస్ కట్టర్‌తో కోసి సుమారు 19 కిలోల తాకట్టు బంగారం పట్టుకుపోయారు. అప్పటి విలువ 13 కోట్లకు పైనే. నోట్ల రూపంలో అంత విలువంటే రెండున్నర క్వింటాళ్లు దాటుతుంది, బంగారమైతే రెండు బ్యాగులు. కేరళలో చేలేంబ్ర కేసు కూడా ఇంతే. 2007 డిసెంబరులో బ్యాంకు కింది అంతస్తును హోటల్ పెడతామని అద్దెకు తీసుకుని, పైకప్పుకి కన్నం వేసి, పైనున్న స్ట్రాంగ్ రూమ్‌లోకి చేరారు. దాదాపు 80 కిలోల బంగారం, 50 లక్షల నగదు పోయింది. రెండు నెలల్లో దొరికిపోయారు, ఫోన్ కాల్స్ పట్టించాయి.

మన వైజాగ్‌లో ఈ బంగారానికి ఒక రుతువు ఉంది, అది మీ కథకి బంగారం లాంటి విషయం. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు చేపల వేట నిషేధం. మరబోట్లన్నీ హార్బర్‌లో లంగరేసి ఉంటాయి. వేట లేక చేతిలో డబ్బు ఆడదు. స్కూళ్లు తెరిచే ముందు ఫీజులు, వల మరమ్మతులు, బోటు రంగులు, అన్నీ అప్పుడే వచ్చి పడతాయి. హార్బర్ దగ్గరి బ్రాంచీలో ఆ రోజుల్లో గోల్డ్ లోన్ కౌంటర్ ముందు మత్స్యకార మహిళలు పొద్దున్నే వచ్చి కూర్చునేవాళ్లు. బంగారం విలువ కట్టే అప్రైజర్ గీటురాయి మీద గీసి చూసి, రాళ్ల బరువు, దారం బరువు తీసేసి, నికర బరువు రాసేవాడు. గుడ్డ సంచిలో పెట్టి సీలు వేసి, పేరు, లోన్ నంబరు రాసి లోపల పెట్టేవాళ్లం. జూన్ మొదటి వారానికి సేఫ్ నిండిపోయేది.

వేట మొదలై చేపలు పడ్డాక విడిపించుకోవడానికి వచ్చేవాళ్లు. ఒకావిడ నాకు ఇప్పటికీ కళ్ల ముందే ఉంది. సంచి విప్పి నానుతాడు చేతికిస్తే, బరువు చూసుకోలేదు, రసీదు చూసుకోలేదు. కొక్కెం దగ్గర తను చుట్టిన ఎర్రదారం ఉందో లేదో వేలితో తడిమి చూసుకుని, అక్కడే మెడలో వేసుకుని వెళ్లిపోయింది. బంగారం పోతే బ్యాంకు విలువ కట్టి ఇస్తుంది. ఆ కొక్కెం, ఆ దారం ఎవరిస్తారు?

ఇప్పుడు మీ నలుగురు కుర్రాళ్లలో ఒకణ్ని జాలరిపేట నుంచి తీసుకోండి. బ్యాంకు డబ్బు కదా, ఎవరికి నష్టం అనుకుని వచ్చాడు. సంచులు విప్పి బంగారం వేరు చేస్తుంటే ఒక సంచి మీద తన పిన్ని పేరు, ఇంకోదాని మీద పక్కింటి వాళ్ల పేరు కనిపిస్తాయి. ముఠా అక్కడ చీలుతుంది. దానికి విలన్ డైలాగులేవీ రాయక్కర్లేదు.

లాకర్లు పగలగొట్టించాలని ఉందా? చేయొచ్చు, కానీ ఒక విషయం గుర్తుంచుకోండి. లాకర్లో ఏముందో బ్యాంకుకి తెలియదు. కస్టమర్ తాళం, బ్యాంకు మాస్టర్ తాళం రెండూ పడితేనే తెరుచుకుంటుంది. రిజర్వ్ బ్యాంకు 2021 నిబంధనల ప్రకారం దొంగతనం, దోపిడీ లాంటివాటిలో బ్యాంకు బాధ్యత ఏడాది అద్దెకి వంద రెట్ల వరకే. పోయిన సొత్తు ఎంతో చెప్పుకోలేని పెద్దమనిషి పోలీసుల ముందు మౌనంగా ఉండిపోవడం కూడా కథకి పనికొచ్చేదే.

పది కోట్ల నగదే కావాలని పట్టుబడితే రెండు దారులు. ఒకటి కరెన్సీ చెస్ట్. అక్కడి నోట్లు మా బ్యాంకువి కావు, రిజర్వ్ బ్యాంకువి. 2019లో ఇచ్చిన ప్రమాణాల ప్రకారం కొత్త చెస్ట్ స్ట్రాంగ్ రూమ్ కనీసం 1500 చదరపు అడుగులు ఉండాలి. సాయుధ కాపలా ఉంటుంది. నలుగురు కుర్రాళ్లతో అయ్యే పని కాదు. రెండోది క్యాష్ వ్యాన్. దానికి కూడా కేంద్ర హోం శాఖ 2018లో పెట్టిన హద్దు ఉంది: ప్రైవేటు ఏజెన్సీ వ్యాన్ ఒక్క ట్రిప్పులో అయిదు కోట్లకు మించి తీసుకెళ్లకూడదు, పట్టణాల్లో రాత్రి తొమ్మిది దాటాక ఏటీఎంలో డబ్బు నింపకూడదు. వ్యాన్ సీన్ అర్ధరాత్రి పెట్టారంటే ఎవరో ఒకరు రూల్ తప్పినట్టే. ఆ తప్పినవాడు ఎవడన్నది కథలో చెప్పాలి.

తుపాకీ లేకుండా జరిగినవీ చదవండి. 1971 మే 24న ఢిల్లీ పార్లమెంట్ స్ట్రీట్‌లోని స్టేట్ బ్యాంకులో చీఫ్ క్యాషియర్ 60 లక్షలు తీసుకెళ్లి నగర్‌వాలా అనే అతని చేతిలో పెట్టాడు. కారణం, ఇందిరా గాంధీ గొంతులా వినిపించిన ఒక ఫోన్. అదే రోజు నిందితుడు దొరికాడు. 2016 ఆగస్టులో సేలం నుంచి చెన్నై వెళ్లే రైల్లో రిజర్వ్ బ్యాంకుకి పంపుతున్న 342 కోట్లలోంచి, బోగీ పైకప్పు కోసి, 5.78 కోట్లు తీసుకుపోయారు. సరిగ్గా మూడు నెలలకు నోట్ల రద్దు వచ్చింది. దాచుకున్న డబ్బు కళ్లముందే కాగితాలైపోతున్న దొంగ గురించి ఎవరైనా సినిమా తీస్తే నేను మొదటి ఆట చూస్తాను.

పారిపోయే దారి గురించి. బీచ్ రోడ్డు చూడటానికి బాగుంటుంది, పారిపోవడానికి కాదు. ఒక పక్కంతా సముద్రం. దక్షిణానికి వెళ్తే కోస్టల్ బ్యాటరీ, హార్బర్, పోర్టు, ఆపైన నేవీ. ఉత్తరానికి వెళ్తే రుషికొండ, భీమిలి దాకా తీరం వెంబడే. తూర్పు నౌకాదళం ప్రధాన కేంద్రం ఉన్న ఊళ్లో ఆ వైపు బ్యాగులతో పరిగెత్తేవాడు వైజాగ్‌వాడు కాదు. హైవే ఎక్కితే విజయనగరం వైపు నాతవలస, తుని వైపు వేంపాడు టోల్ గేట్లలో కెమెరాకి దొరుకుతారు. అరకు వెళ్తే ఘాట్ రోడ్డు.

నేనైతే గాజువాక బ్రాంచి పెట్టి, మధ్యాహ్నం రెండు గంటలకు స్టీల్‌ప్లాంట్ షిఫ్ట్ మారే సమయం చూసుకునేవాణ్ని. కూర్మన్నపాలెం గేటు నుంచి ఒకే రకం యూనిఫారం, హెల్మెట్లతో బళ్ల మీద జనం రోడ్డంతా నిండిపోతారు. ఆ గుంపులో ఇద్దరిని వెతకాల్సిన ఇన్‌స్పెక్టర్ పరిస్థితి చూపించండి. లేదంటే రైలు. మన స్టేషన్లో హౌరా, చెన్నై మధ్య తిరిగే చాలా రైళ్లకు ఇంజన్ ఈ చివర తీసి ఆ చివర తగిలించాలి, వచ్చిన దిక్కుకే మళ్లీ వెనక్కి వెళ్తాయి. ఆఖరి నిమిషంలో ఎక్కామని ఊపిరి పీల్చుకున్న దొంగలు ప్లాట్‌ఫారం మీద అంతసేపు కదలని బోగీలో కూర్చోవాల్సి వస్తే ఎంత టెన్షనో ఆలోచించండి.

పోలీసుల విషయంలో రెండు దిద్దుబాట్లు. వైజాగ్ సిటీకి కమిషనర్ ఉంటారు, "ఎస్పీ గారు వస్తున్నారు" అని రాయకండి. రెండోది, దొంగల సంఖ్య. నలుగురైతే అది దోపిడీ కేసు. అయిదుగురు అయితే భారతీయ న్యాయ సంహిత 310వ సెక్షన్ కింద బందిపోటు కేసు. అక్కడే ఉండి సాయం చేసినవాడు కూడా లెక్కలోకి వస్తాడు, కాబట్టి బయట బండి స్టార్ట్ చేసి నిలబడ్డ డ్రైవర్‌తో మీ నలుగురు అయిదుగురవుతారు. బందిపోటుకి సన్నాహాలు చేసుకోవడం కూడా శిక్షార్హమే. యావజ్జీవం దాకా పడే కేసులో డ్రైవర్ కుర్రాడు "నేను లోపలికే వెళ్లలేదు సార్" అంటాడు. లాయర్ పాత్రకి మంచి సీన్.

షూటింగ్ గురించి అడగలేదు కానీ చెప్తున్నా: నిజం స్ట్రాంగ్ రూమ్‌లో కెమెరా పెట్టడానికి ఏ బ్యాంకూ ఒప్పుకోదు. సెట్ వేసుకోవాల్సిందే. వేసేటప్పుడు గదిని ఇరుకుగా, కిటికీ లేకుండా, ఒక్క ట్యూబ్‌లైట్‌తో ఉంచండి. ఇనుప బీరువాలు, గోడకి లాకర్ వరసలు, చిన్న నిచ్చెన స్టూలు, రిజిస్టర్ పెట్టుకోవడానికి ఒక బల్ల చాలు. మెరిసే స్టీలు గుండ్రటి తలుపు మన బ్రాంచీల్లో ఉండదు. రెండు తాళాల సీన్ రాశాక ఇక్కడే పోస్ట్ చేయండి, ఎవరు ముందు తాళం తిప్పాలి, ఎవరు ఎక్కడ నిలబడాలి అన్నది చదివి సరిచేసి పెడతాను.